జంట నగరాల్లో ఉగ్రవాద హింస: సామాజిక మూలాలు, మానవ నష్టం

సికింద్రాబాద్, హైదరాబాద్ జంట నగరాల్లో రాజకీయ, మత, వర్గ లక్ష్యాల పేరిట పౌరులపైనా, ప్రభుత్వ సిబ్బందిపైనా జరిగిన సాయుధ దాడులు, వాటికి దారితీసిన సామాజిక పరిస్థితులు, బాధితుల బతుకులపై వాటి ప్రభావం ఈ వ్యాస విషయం. ఈ చరిత్రలో మూడు ఘట్టాలు ప్రధానమైనవి: 1947–48 నాటి రజాకార్ల దౌర్జన్యాలు, 1990లలో నక్సలైట్లకూ ప్రభుత్వానికీ మధ్య సాగిన హింస, 2002 నుంచి 2013 వరకు జరిగిన బాంబు పేలుళ్లు. ప్రతి ఘట్టంలోనూ దాడి చేసినవారు వెనకటి అన్యాయం ఒకటి చూపించి దానికి బదులు తీర్చుకుంటున్నామన్నారు. ప్రాణాలు పోగొట్టుకున్నవారిలో అత్యధికులకు ఆ అన్యాయంతో ఏ సంబంధమూ లేదు.

నేపథ్యం

సికింద్రాబాద్ 1806లో మూడో నిజాం సికందర్ జా పేరిట బ్రిటిష్ దండు ప్రదేశంగా వెలిసింది. నగరవాసులు దీన్ని నేటికీ లష్కర్ అంటారు. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్ నాయకత్వంలో హైదరాబాద్ రెసిడెన్సీపై జరిగిన దాడిని మినహాయిస్తే, పందొమ్మిదో శతాబ్దమూ ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలూ దండు క్రమశిక్షణ నీడలో గడిచాయి.

రజాకార్ల కాలం

హైదరాబాద్ సంస్థానపు గ్రామాల్లో జాగీర్దారులు, దేశ్‌ముఖుల పెత్తనం, వెట్టిచాకిరి, బలవంతపు లెవీ ధాన్యం 1940ల నాటికి రైతాంగాన్ని భరించలేని స్థితికి తెచ్చాయి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య కాల్పుల్లో చనిపోవడంతో సాయుధ పోరాటం ఊపందుకుంది. మరోవైపు 1927లో ఏర్పడిన మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్, ఖాసిం రజ్వీ నాయకత్వంలోకి వచ్చాక, రజాకార్లనే సాయుధ దళాన్ని పెంచింది. పాలకవర్గపు ప్రాబల్యం చేజారుతుందన్న భయమే ఈ దళానికి ఇంధనమైంది. అందులో చేరినవారిలో చాలామంది ఆ ప్రాబల్యం రుచి ఎన్నడూ ఎరుగని పేద ముస్లింలు.

1947 నవంబరు 29న భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం కుదిరింది. వారం తిరగకుండానే, డిసెంబరు 4న, ఆర్యసమాజ యువకుడు నారాయణరావు పవార్ కింగ్ కోఠి దగ్గర నిజాం కారుపై బాంబు విసిరాడు. నిజాం బతికాడు, పవార్‌కు మరణశిక్ష పడినా సంస్థానం విలీనమయ్యాక విడుదలయ్యాడు. మరుసటి ఏడాది తొలినాళ్లలో భారత సేనలు సికింద్రాబాద్ దండు ఖాళీ చేసి వెళ్లాయి. కేంద్ర ప్రభుత్వ ప్రతినిధి కె.ఎం. మున్షీ మాత్రం బొల్లారంలో మకాం వేసి పరిస్థితులను ఢిల్లీకి చేరవేస్తూ వచ్చాడు. సైన్యం వెళ్లిపోయిన ఆ నెలల్లోనే రజాకార్ల దాడులు ఉధృతమయ్యాయి. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో ఊరి బురుజెక్కి ఎదిరించిన జనాన్ని ఊచకోత కోశారు.

ఈ కాలంలో అందరికంటే ధీరంగా నిలిచినవాడు షోయబుల్లా ఖాన్. ‘ఇమ్రోజ్’ ఉర్దూ పత్రిక సంపాదకుడిగా సంస్థానం భారతదేశంలో కలవాలని రాశాడు. రజాకార్లను పేరు పెట్టి ఖండించాడు. 1948 ఆగస్టు 21 అర్ధరాత్రి ఇంటికి వెళ్తుండగా కాచిగూడ ప్రాంతంలో దుండగులు ఆయన్ను కాల్చి, రాసిన చేతిని నరికేశారు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఏడేళ్లు. ముస్లింల పేరు చెప్పి నడిచిన హింసను ముస్లిం పాత్రికేయుడే ఉర్దూలో, రాజధాని నడిబొడ్డున నిలబడి ధిక్కరించాడన్నది మత చరిత్రగా మాత్రమే ఈ కాలాన్ని చదివేవారు మరవకూడని విషయం.

సెప్టెంబరు 13న భారత సైన్యం మొదలుపెట్టిన పోలీసు చర్య 17న నిజాం లొంగుబాటుతో ముగిసింది. ఆ తర్వాత వారాల్లో ప్రతీకారం తిరుగు దిశలో, ముస్లింలపై, సాగింది. ప్రభుత్వం పంపిన పండిత్ సుందర్‌లాల్ కమిటీ, ముఖ్యంగా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో, 27 వేల నుంచి 40 వేల మంది దాకా ప్రాణాలు కోల్పోయి ఉంటారని అంచనా కట్టింది. ఆ నివేదిక దశాబ్దాల తరబడి బయటికి రాలేదు. బాధిత కుటుంబాల దుఃఖానికి ప్రభుత్వ గుర్తింపే లేకుండా పోవడంతో అది ఇంటింటి కథగా, తరం నుంచి తరానికి, నానాటికీ చేదెక్కుతూ చేరింది. రజ్వీ 1957 వరకు జైల్లో ఉండి పాకిస్తాన్ వెళ్లిపోయాడు. అతడు రెచ్చగొట్టిన సామాన్యులు ఇక్కడే మిగిలి, ఫలితం అనుభవించారు.

నక్సలైటు హింస, ప్రతిహింస

తెలంగాణ సాయుధ పోరాటం 1951లో విరమణ అయినా భూమి ప్రశ్న తీరలేదు. కొండపల్లి సీతారామయ్య 1980లో స్థాపించిన పీపుల్స్‌వార్ కరీంనగర్, ఆదిలాబాద్, వరంగల్ పల్లెల్లో దొరల పెత్తనాన్ని నిజంగానే కదిలించింది; కూలి రేట్లు, తునికాకు ధరలు పెరిగాయి. పార్టీ నగరానికి తెచ్చిన పద్ధతి వేరు. 1990 అక్టోబరు 10న చర్లపల్లి దగ్గర కాకతీయ ప్యాసింజరు బోగీకి నిప్పు పెట్టారు. నలభై మందికి పైగా ప్రయాణికులు కాలిపోయారు. వరంగల్ దారి రైలు కనుక, ఎవరి విముక్తి కోసం పోరాడుతున్నామని పార్టీ చెప్పుకుందో ఆ జిల్లాల కూలీలు, చిరుద్యోగులు, విద్యార్థులు రోజూ ఎక్కే బండి అది. ఏ సిద్ధాంతంతోనూ సమర్థించలేని చర్య ఇది.

1993 జనవరి 27న లాల్‌బహదూర్ స్టేడియంలో వ్యాయామం చేస్తున్న ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్‌ను, 1999 సెప్టెంబరు 4న సంజీవరెడ్డి నగర్‌ కూడలిలో మరో ఐపీఎస్ అధికారి ఉమేష్ చంద్రను కాల్చి చంపారు. 2000 మార్చి 7న ఘట్‌కేసర్ దగ్గర మందుపాతర పేల్చి మంత్రి ఎలిమినేటి మాధవరెడ్డిని హతమార్చారు. మరోపక్క పోలీసుల ఎన్‌కౌంటర్లలో చనిపోయినవారి సంఖ్య పెరిగింది. వాటిలో చాలావాటిని కట్టుకథలని పౌరహక్కుల సంఘాలు కోర్టుల్లో సవాలు చేశాయి.

లష్కర్ మనుషులకు ఈ కాలం ఒక పేరుతో ముడిపడి ఉంది. 1997 ఏప్రిల్ 6న ఆల్వాల్ వెంకటాపురంలో ప్రజాగాయకుడు గద్దర్ ఇంటికి వచ్చిన దుండగులు ఆయనపై కాల్పులు జరిపారు. బూటకపు ఎన్‌కౌంటర్లను బహిరంగంగా ఖండిస్తున్నందుకే, పోలీసుల ప్రోత్సాహంతోనే ఈ దాడి జరిగిందని గద్దర్, హక్కుల సంఘాలు ఆరోపించాయి. వెన్నులో దిగిన తూటా ఒకటి తీయడం ప్రాణాంతకమని వైద్యులు వదిలేశారు. 2023 ఆగస్టు 6న మరణించేదాకా, ఇరవై ఆరేళ్లు, ఆయన ఆ తూటాతోనే పాడాడు, ఆడాడు. ఆల్వాల్‌లోనే, ఆయన స్థాపించిన మహాబోధి పాఠశాల ఆవరణలో అంత్యక్రియలు జరిగాయి.

ఇరుపక్షాల హింసనూ ఒకే కొలతతో తూచే ప్రయత్నం ఈ రాష్ట్రంలో జరిగింది. విశ్రాంత ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వాన 1997లో ఏర్పడిన పౌరస్పందన వేదిక పల్లెలు తిరిగి, ఎన్‌కౌంటర్ బాధితుల ఇళ్లకూ, నక్సలైట్లు చంపినవారి ఇళ్లకూ ఒకే శ్రద్ధతో వెళ్లింది. 2004 అక్టోబరులో హైదరాబాద్‌లో ప్రభుత్వానికీ మావోయిస్టులకూ చర్చలు జరగడానికి ఈ వేదిక కృషి ముఖ్య కారణం. చర్చలు నిలవలేదు. 2005 ఆగస్టు 15న నారాయణపేటలో మక్తల్ శాసనసభ్యుడు చిట్టెం నర్సిరెడ్డి హత్య జరగడంతో మావోయిస్టులపై నిషేధం తిరిగి వచ్చింది.

పాతబస్తీ వెనుకబాటు, మత ఘర్షణలు

1948 తర్వాత నిజాం సైన్యం రద్దయింది. 1949 ఆగస్టులో జాగీర్లు పోయాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉర్దూ స్థానాన్ని ఇంగ్లీషు ఆక్రమించింది. సిపాయి కొలువు, దఫ్తరు కొలువు, జాగీరు ఇంట్లో కొలువు మీద బతికిన వేల కుటుంబాలకు రెండు మూడేళ్లలోనే జీవనాధారం పోయింది. చదువుకున్నవాళ్లు కొందరు పాకిస్తాన్‌కు, తర్వాతి రోజుల్లో గల్ఫ్‌కు వెళ్లారు. మిగిలినవాళ్లు గాజులు, జరీ పని, రిక్షా, ఆటో, చిల్లర వ్యాపారం పట్టుకున్నారు. కొత్త పరిశ్రమలు, ప్రభుత్వ కాలనీలు మూసీకి ఉత్తరాన వెలుస్తుంటే దక్షిణాన, పాతబస్తీలో, బడులూ ఆసుపత్రులూ నీళ్ల గొట్టాలూ పెరగలేదు.

ఆ వెలితిలో ఊరేగింపులు, వాటి వెంట కత్తిపోట్లు ఏటా వచ్చే కార్యక్రమాలయ్యాయి. 1990 డిసెంబరు ఘర్షణల్లో వందమందికి పైగా చనిపోయారు. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూల్చివేత, 2002 గుజరాత్ మారణకాండ దేశమంతటా తీవ్రవాద బృందాలకు యువకులను కూడగట్టే ప్రచార సామగ్రిగా మారాయి. అయినా పాతబస్తీ పేదరికాన్ని చూపి బాంబు దాడులను వివరించేయడం సరిపడదు. పదిలక్షల మంది అదే పేదరికంలో బతికారు. కుట్రల్లో దొరికినవారు వేళ్ల మీద లెక్కపెట్టదగ్గవారు. 2007 జంట పేలుళ్ల కేసులో మరణశిక్ష పడిన ఇద్దరూ పుణె నుంచి వచ్చినవారు. ఆ పేలుళ్లు జరిపిందని అభియోగమున్న ఇండియన్ ముజాహిదీన్ సంస్థ ముఖ్యులు కర్ణాటక తీరంలోని భత్కల్‌కు, ఉత్తరప్రదేశ్‌లోని ఆజంగఢ్‌కు చెందినవారు, కాస్తో కూస్తో చదువుకున్నవారు. వెనుకబాటు చేసిన పని వేరు: పోలీసులు అనుమానంతో తలుపు తట్టినప్పుడు వకీలును పెట్టుకునే స్తోమత ఆ గల్లీల్లో లేకుండా చేసింది.

2002–2013: పేలుళ్ల దశాబ్దం

2002 నవంబరు 21న దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా ఆలయం దగ్గర స్కూటరులో పెట్టిన బాంబు పేలి ఇద్దరు మరణించారు. 2005 అక్టోబరు 12, విజయదశమి సాయంత్రం, బేగంపేటలోని పోలీసు టాస్క్‌ఫోర్స్ కార్యాలయంలోకి ఒక ఆగంతకుడు ప్రవేశించి తనను తాను పేల్చుకున్నాడు. పండగ పూట కార్యాలయం దాదాపు ఖాళీగా ఉంది. కాపలాగా ఉన్న హోంగార్డు ఒకరు బలయ్యారు. పోలీసు వ్యవస్థలో అతి తక్కువ జీతానికి, ఉద్యోగ భద్రత లేకుండా పనిచేసేది హోంగార్డులే. బంగ్లాదేశ్ మూలాలున్న హర్కతుల్ జిహాద్ సంస్థ పని ఇది అని పోలీసులు ప్రకటించి పదిమందికి పైగా నిందితులను చూపారు. విచారణ పన్నెండేళ్లు సాగింది. 2017 ఆగస్టులో నాంపల్లి కోర్టు, నేరం రుజువు కాలేదని, విచారణ ఎదుర్కొన్న పదిమందినీ విడుదల చేసింది.

2007 మే 18 శుక్రవారం మధ్యాహ్నం మక్కా మసీదులో జుమా నమాజు వేళ, వజూ చేసుకునే హౌజు దగ్గర బాంబు పేలింది. తొమ్మిదిమంది చనిపోయారు. కోపంతో వీధికెక్కిన గుంపుపై పోలీసులు జరిపిన కాల్పుల్లో మరో ఐదుగురు మరణించారు. పేలుడుతో సంబంధం ఉందన్న అనుమానంతో పాతబస్తీ యువకులను పదుల సంఖ్యలో పట్టుకెళ్లారు. వారిలో విద్యార్థులున్నారు, రోజుకూలీలున్నారు. తమను రహస్య స్థలాల్లో ఉంచి కరెంటు షాకులు పెట్టారని వారు చెప్పిన మాటలను రాష్ట్ర మైనారిటీల కమిషన్ తరఫున న్యాయవాది ఎల్. రవిచందర్ నమోదు చేసి నివేదిక ఇచ్చారు. నిర్భయంగా, నిష్పక్షపాతంగా రాసిన నివేదిక అది.

దర్యాప్తు తర్వాత సీబీఐకీ, 2011లో జాతీయ దర్యాప్తు సంస్థకూ చేరింది. ఆలయాలపై జరిగిన దాడులకు ప్రతీకారంగా హిందూత్వ తీవ్రవాద బృందం ఈ పేలుడు జరిపిందని స్వామి అసీమానంద 2010 డిసెంబరులో మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలమిచ్చి, తర్వాత ఉపసంహరించుకున్నాడు. 2018 ఏప్రిల్ 16న ప్రత్యేక న్యాయస్థానం ఆయన్నూ, మరో నలుగురినీ సాక్ష్యాధారాల లేమితో విడుదల చేసింది. తీర్పు చెప్పిన న్యాయమూర్తి అదే రోజు రాజీనామా సమర్పించారు. మక్కా మసీదులో ప్రాణాలు తీసిందెవరో చట్టం దృష్టిలో ఇప్పటికీ తేలలేదు.

మసీదు పేలుడుకు మూడు నెలలు గడిచాక, 2007 ఆగస్టు 25 శనివారం రాత్రి పావు తక్కువ ఎనిమిదికి, హుస్సేన్‌సాగర్ ఒడ్డున లుంబినీ పార్కు లేజర్ ప్రదర్శనలో బాంబు పేలింది. కొద్ది నిమిషాల్లో కోఠిలోని గోకుల్ చాట్ దగ్గర రెండోది పేలింది. రెండు చోట్లా కలిపి మృతుల సంఖ్య నలభై దాటింది. లుంబినీ పార్కులో పోయినవారిలో మహారాష్ట్రలోని సంగమ్‌నేర్ నుంచి విహారయాత్రకు వచ్చిన ఇంజనీరింగ్ విద్యార్థులున్నారు. గోకుల్ చాట్‌లో పోయినవారు శనివారం సాయంత్రం పానీపూరీ, కచోరీ తిందామని ఆగినవారు. పేలని మూడో బాంబు దిల్‌సుఖ్‌నగర్‌లో దొరికింది. మక్కా మసీదుకు ప్రతీకారంగానే ఇండియన్ ముజాహిదీన్ ఈ దాడి చేసిందని దర్యాప్తు సంస్థల అభియోగం. అదే నిజమైతే, మసీదులో చనిపోయినవారి పేరిట, ఆ మసీదు ఎక్కడుందో కూడా సరిగా తెలియని పొరుగూరి పిల్లలను చంపారన్నమాట. 2018 సెప్టెంబరు 10న అనీక్ షఫీక్ సయీద్, అక్బర్ ఇస్మాయిల్ చౌదరిలకు మరణశిక్ష, ఆశ్రయమిచ్చిన తారిఖ్ అంజుమ్‌కు యావజ్జీవం పడ్డాయి.

2013 ఫిబ్రవరి 21 గురువారం సాయంత్రం ఏడు గంటలకు దిల్‌సుఖ్‌నగర్‌లో, సైకిళ్లకు తగిలించిన బాంబులు రెండు, క్షణాల తేడాతో పేలాయి. ఒకటి 107 బస్టాపులో, రెండోది కొద్ది దూరంలో ఉన్న ఏ1 మిర్చి సెంటర్ దగ్గర. 107 దిల్‌సుఖ్‌నగర్‌ను సికింద్రాబాద్‌తో కలిపే బస్సుల నంబరు. ఆఫీసులు వదిలే వేళ స్టాపు కిక్కిరిసి ఉంటుంది. చుట్టుపక్కల పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లు వీధికి నాలుగు. నల్గొండ, మహబూబ్‌నగర్ పల్లెల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉంటూ ఉద్యోగాలకు చదువుకునేవారు సాయంత్రం మిర్చి బజ్జీ తినడానికి బయటికి వచ్చే సమయం అది. గర్భస్థ శిశువుతో కలిపి పద్దెనిమిది ప్రాణాలు పోయాయి. 130 మందికి పైగా గాయపడ్డారు. పోయినవారిలో అలాంటి విద్యార్థులున్నారు.

బాధితులు

మరణాల సంఖ్య వార్తల్లో నిలుస్తుంది. గాయపడ్డవారి సంగతి నిలవదు. 2007 ఆగస్టు, 2013 బాంబుల్లో అమ్మోనియం నైట్రేటు ఆధారిత పేలుడు పదార్థంతో పాటు ఇనుప ముక్కలు కూర్చారు. అందువల్ల కాళ్లు కోల్పోవడం, కర్ణభేరి చిట్లడం, చూపు పోవడం ఎక్కువ. వెన్ను దగ్గర, ఊపిరితిత్తుల దగ్గర దిగిన ముక్కలు తీయలేక వదిలేసిన రోగులు ఏళ్ల తరబడి నొప్పి మందుల మీద బతుకుతున్నారు. ఉస్మానియా, గాంధీ, యశోద ఆసుపత్రులు తొలి రాత్రుల్లో చేసిన సేవ ప్రశంసనీయం. అసలు ఖర్చు ఆ తర్వాత మొదలవుతుంది: కృత్రిమ కాలు కొన్నేళ్లకోసారి మార్చాలి, చర్మం అతికే శస్త్రచికిత్సలు మళ్లీ మళ్లీ చేయించాలి. 2013లో రాష్ట్ర ప్రభుత్వం మృతుల కుటుంబాలకు ఆరు లక్షల రూపాయలు, కేంద్రం రెండు లక్షలు ప్రకటించాయి. ఇస్తామన్న ఉద్యోగం రాలేదని, వైద్య ఖర్చులు ఆగిపోయాయని బాధితులు ప్రతి ఏడాదీ సంస్మరణ రోజున విలేకరులకు చెబుతూనే ఉన్నారు. ఉగ్రవాద, మత, నక్సలైటు హింసలో మరణించిన పౌరుల కుటుంబాలకు కేంద్రం 2008 ఏప్రిల్ నుంచి మూడు లక్షల రూపాయల సాయం పథకం అమలు చేసింది. 2016లో దాన్ని ఐదు లక్షలకు పెంచింది.

రెండో రకం బాధితులు తప్పుగా పట్టుబడినవారు. మక్కా మసీదు పేలుడు దరిమిలా పట్టుకున్న యువకులు నిర్దోషులుగా బయటపడ్డాక, 2012 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం డెబ్భైమందికి మొత్తం 70 లక్షల రూపాయల పరిహారమూ, సత్ప్రవర్తన ధ్రువపత్రాలూ ఇచ్చింది. తప్పు ఒప్పుకుని చేతనైనంత దిద్దుకోవాలని ఒక ప్రభుత్వం చేసిన అరుదైన, అభినందనీయమైన పని. 2013లో హైకోర్టు ఆ పరిహారాన్ని కొట్టివేసింది. జైలు నుంచి వచ్చినవారికి పాత కొలువు దొరకలేదు, అద్దె ఇల్లు దొరకలేదు, చెల్లెళ్ల సంబంధాలు తప్పిపోయాయి. 2013 పేలుడులో గాయపడ్డ ఒక ముస్లిం యువకుడు 2007లో మక్కా మసీదులోనూ గాయపడ్డాడని తెలియగానే, రెండుసార్లు బతికి బయటపడ్డ మనిషిని ఓదార్చాల్సింది పోయి, కొన్ని వార్తా చానళ్లు అనుమానితుడిగా చూపాయి.

నగర జీవనంపై ప్రభావం

2007లో రాష్ట్ర ప్రభుత్వం ఉగ్రవాద నిరోధానికి ఆక్టోపస్ దళాన్ని ఏర్పరచింది. 2008 నవంబరు ముంబై దాడి తర్వాత జాతీయ దర్యాప్తు సంస్థ వచ్చింది. సికింద్రాబాద్ స్టేషన్ ద్వారాల దగ్గర సంచుల తనిఖీ, సినిమా హాళ్లలో టిఫిన్ బాక్సుపై అభ్యంతరం, వీధి వీధికీ కెమెరాలు నిత్యకృత్యమయ్యాయి.

సికింద్రాబాద్‌కే ప్రత్యేకమైన పర్యవసానం దండు రోడ్లది. భద్రత కారణంగా స్థానిక సైనికాధికారులు ఏఓసీ (ఆర్మీ ఆర్డినెన్స్ కోర్) కేంద్రం లోపలి రోడ్లు, గఫ్ రోడ్డు తదితర మార్గాల్లో పౌరుల రాకపోకలను రాత్రిళ్లు, కొన్నిచోట్ల పూర్తిగా, ఆపడం మొదలుపెట్టారు. మల్కాజిగిరి, సఫిల్‌గూడ, నేరేడ్‌మెట్ వాసులు దశాబ్దాలుగా స్టేషనుకూ గాంధీ ఆసుపత్రికీ వెళ్లిన దారులవి. చుట్టు తిరిగి వెళ్లాల్సి రావడంతో కాలనీ సంఘాలు ఏళ్ల తరబడి ఆందోళన చేశాయి. 2018 మేలో రక్షణ మంత్రిత్వ శాఖ దేశవ్యాప్తంగా దండు రోడ్లు తెరవాలని ఆదేశించింది. అయినా ఇక్కడ వివాదం పూర్తిగా సమసిపోలేదు.

కేసుల స్థితి

2013 దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల కేసులో చర్లపల్లి జైలు ఆవరణలోని ప్రత్యేక న్యాయస్థానం 2016 డిసెంబరు 19న ఇండియన్ ముజాహిదీన్‌కు చెందిన యాసిన్ భత్కల్ సహా ఐదుగురికి మరణశిక్ష విధించింది. తెలంగాణ హైకోర్టు 2025 ఏప్రిల్ 8న దాన్ని ఖరారు చేసింది. ప్రధాన నిందితుడు రియాజ్ భత్కల్ అప్పటికీ పరారీలోనే ఉన్నాడు.